మే నెల గాలివానల్లో సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున టెంట్లు: తొమ్మిది మందిమి, ఏం జాగ్రత్తలు?

మునుగోడు_బాట:

అన్నలూ, మే రెండో వారం శనివారం సాయంత్రం నుంచి ఆదివారం పొద్దున దాకా తొమ్మిది మంది దోస్తులం వైజాగ్ కాలనీ వైపు, నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున టెంట్లు వేసుకుని ఉందామనుకుంటున్నాం. నల్లగొండ నుంచి దేవరకొండ మీదుగా రెండు కార్లలో వస్తాం. సాయంత్రం ఆరుకు చేరుకుంటాం.

మా దగ్గర నలుగురు పట్టే డోమ్ టెంట్లు మూడు ఉన్నాయి. ఫైబర్‌గ్లాస్ కడ్డీలు, వాటితో వచ్చిన సన్నటి తీగ మేకులు. వంట దగ్గర కట్టడానికి 12 అడుగులు వెడల్పు, 15 అడుగులు పొడవున్న తాడిపత్రి ఒకటి. గ్యాస్ డబ్బా స్టవ్ ఉంది.

ఈ దినాల్లో రోజూ పొద్దుగూకే వేళకు మొగులైతోంది. వాతావరణ కేంద్రం వాళ్లు నల్లగొండ, నాగర్‌కర్నూల్ జిల్లాలకు ఉరుములు మెరుపులతో గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల గాలులని ఎల్లో హెచ్చరిక ఇస్తున్నారు. అడిగేవి ఇవీ: ఈ మేకులతో టెంట్లు ఆగుతాయా? పిడుగులు పడేటప్పుడు టెంట్లో ఉండొచ్చా? ఏ హెచ్చరిక వస్తే ప్రయాణం మానుకోవాలి? ఒడ్డుకు ఎంత దూరంలో వేయాలి?

మొగులు_చూపు:

ముందు మీ టైము మార్చండి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఎండాకాలం మన దిక్కు వచ్చే గాలివాన పొద్దంతా కాగిన నేల మీద తయారయ్యేది. మధ్యాహ్నం మొగులు లేవడం మొదలై, ఎక్కువసార్లు మూడు నుంచి రాత్రి తొమ్మిది మధ్యలో విరుచుకు పడుతుంది. మీరు ఆరుకు చేరితే సరిగ్గా ఆ గాలి వేళకే, మసక చీకట్లో, కొత్త చోట మేకులు కొడుతూ ఉంటారు. చేరడమే ఒంటిగంటకు చేరండి. మూడింటికల్లా టెంట్లు, తాళ్లు అన్నీ బిగించి ఉండాలి. అది కుదరకపోతే దేవరకొండలోనే తిని, గాలి వెలిసినాక తొమ్మిది దాటి వెళ్లండి. రెంటికీ మధ్య వెళ్లకండి.

హెచ్చరికల సంగతి. జిల్లాకు ఎల్లో ఇచ్చారంటే జిల్లాలో ఎక్కడో ఒకచోట వస్తుందని. మీ ఒడ్డుకు వస్తుందో రాదో అందులో ఉండదు. ఎల్లో ఉంటే ఏర్పాట్లతో వెళ్లొచ్చు. ఎల్లో కంటే పై మెట్టు ఆరెంజ్. అది ఇస్తే మానుకోండి, దాని మీద చర్చ పెట్టుకోకండి. తొమ్మిది మందిలో ఇద్దరు ముగ్గురు ‘ఏం కాదులే’ అంటారు, అందుకే ఈ నియమం శుక్రవారమే అందరూ ఒప్పుకుని ఉండాలి.

శనివారం పొద్దున బులెటిన్ చూడండి. ఆ తర్వాత హైదరాబాద్ వాతావరణ కేంద్రం మూడు గంటలకు పనికొచ్చే తక్షణ హెచ్చరికలు ఇస్తూ ఉంటుంది. మీకు అసలు కావలసింది అవి. ఫోన్లో దామిని యాప్ వేసుకోండి. పుణెలోని ఐఐటీఎం (వాతావరణ పరిశోధన సంస్థ) వాళ్లది. మీరున్న చోటికి 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. ఒడ్డున సిగ్నల్ నిలకడగా ఉంటుందనుకోవద్దు. నల్లగొండలో ఉన్న ఒకరికి ఈ హెచ్చరికలు చూసి మీకు చెప్పే పని అప్పజెప్పండి. నెట్ అందని చోట కూడా కాల్ గానీ, మామూలు ఎస్సెమ్మెస్ గానీ అందొచ్చు.

సిగ్నల్ లేకపోయినా ఆకాశం చెబుతుంది. ఒక దిక్కున మొగులు నిలువుగా లేచి పైన చదునుగా పరుచుకుంటే అది గాలివాన మొగులు. అంతదాకా వీస్తున్న వేడిగాలి ఒక్కసారి ఆగి ఉక్కపోస్తే దగ్గరపడిందని. ఆ తర్వాత చల్లటి గాలి ఒక్క ఊపున తగిలి దుమ్ము లేస్తుంది. వానకు ముందు మొగులులోంచి కిందికి దిగిన చల్లగాలి అది, అన్నిటికంటే గట్టిగా కొట్టేదీ అదే. అది తగిలినాక మీకు మిగిలేది కొద్ది నిమిషాలే. ఆ నిమిషాలు మనుషులు కార్లలోకి చేరడానికి, టెంట్లు సవరించడానికి కాదు.

తాడు_ముడి:

మేకుల గురించి నేను చెప్తా. టెంట్లతో వచ్చే ఆ తీగ మేకులు పచ్చిక మైదానంలో, గాలి లేని రాత్రికి సరిపోతాయి. మీకు సరిపోవు.

గాలి వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 4 కిలోల బరువుతో నెడితే, 60 కిలోమీటర్ల గాలి 17 కిలోలతో నెడుతుంది. మీ టెంటు ఒక పక్క దగ్గర దగ్గర రెండు చదరపు మీటర్లు ఉంటుంది. అంటే 30 కిలోలు దాటిన తోపు, అదీ ఊపులు ఊపులుగా. తీగ మేకు మొదటి ఊపుకే వంగి పైకొస్తుంది.

వెల్డింగ్ షాపులో 10 ఎంఎం సలాకను అడుగు పొడవున కోయించి, ఒక కొస కొక్కెంలా వంచించండి. టెంటుకు ఎనిమిది, మొత్తం ఇరవై నాలుగు, తాడిపత్రికి ఇంకో ఆరు. రెండు కిలోల సుత్తె ఒకటి, గడ్డపార ఒకటి. మేకు తల టెంటుకు అవతలి వైపు వాలేటట్టు, తాడుకు అడ్డంగా ఉండేటట్టు ఏటవాలుగా కొట్టాలి. నిలువుగా కొట్టిన మేకు తొందరగా ఊడుతుంది. తల నేలకు ఆనేదాకా దిగాలి. బయట నాలుగు అంగుళాలు మిగిలితే తాడు పైకి జారి మేకును వంచుతుంది, చీకట్లో కాళ్లకూ తగులుతుంది.

ఎక్కువ మంది వదిలేసేది టెంటు నడుముకు కట్టే తాళ్లు. పైగుడ్డకు బయట కుట్టిన చిన్న ఉంగరాలు అందుకే ఉంటాయి. నాలుగు మూలల మేకులు టెంటు ఎగిరిపోకుండా చూస్తాయంతే. కడ్డీలు విరగకుండా కాపాడేవి నడుము తాళ్లు. ఆ ఉంగరం లోపలి వైపు పైగుడ్డను కడ్డీకి కట్టడానికి ఒక పట్టీ ఉంటుంది, అది కట్టకపోతే బయట తాడు ఎంత బిగించినా లాగేది గుడ్డనే. 3 ఎంఎం నైలాన్ తాడు, ఒక్కో టెంటుకు కనీసం 12 మీటర్లు తెచ్చుకోండి. సుతిల్ తాడు వద్దు, తడిస్తే ముడి పడదు, లాగితే తెగుతుంది. ఉంగరం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కనీసం అంత దూరంలో మేకు ఉండాలి. ఇంకా దూరం జరిపితే ఇంకా మంచిది. ముడి జరుపుకునే రకం వేయండి, ఎందుకంటే వాన పడి గుడ్డ వదులైనాక మళ్లీ బిగించాలి.

ఇప్పుడు నేల సంగతి. సాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టం నుంచి 590 అడుగులు. ఎండాకాలంలో 510 దరిదాపులకు దిగుతుంది. మీకు ఒడ్డు అని కనిపించేది చాలావరకు వానాకాలంలో నీళ్ల కింద ఉండే నేలే. ఒక్కోచోట ఎండి బీటలు వారిన ఒండ్రు, ఒక్కోచోట రాళ్లు కలిసిన మొరం, ఒక్కోచోట పరుపుబండ. ఎండిన ఒండ్రులో మేకు కొడితే రాయిలో కొట్టినట్టే గట్టిగా అనిపిస్తుంది. పావుగంట వాన పడితే పట్టు మొత్తం వదిలేస్తుంది. అక్కడ మేకును నమ్మొద్దు. యూరియా సంచిలో సగానికి మట్టి నింపి మూతి కట్టి, అడుగున్నర లోతు గుంతలో అడ్డంగా పెట్టి, నడుముకు తాడు కట్టి పూడ్చి తొక్కండి. తాడు బయటికి ఏటవాలుగా రావాలి. నేల మీద ఊరికే పెట్టిన సంచి తడి మట్టి మీద జారిపోతుంది, పూడ్చిందే ఆగుతుంది. గాలి వచ్చే వైపు రెండు మూలలకైనా ఇట్ల చేయండి.

బండ మీద అయితే తాడును గుండ్రంగా ఉన్న తలకాయంత రాయికి చుట్టి, దాని ముందు, అంటే టెంటు వైపు, ఇద్దరు మోసేంత పెద్ద రాయి పెట్టండి. తాడు లాగిన కొద్దీ చిన్న రాయి పెద్దదానికి ఒత్తుకుని బిగుస్తుంది. రాయి అంచుకు తాడు రాసుకునే చోట పాత గుడ్డ పెట్టాలి, లేకపోతే తెల్లారేసరికి తెగుతుంది.

ఇవన్నీ చేసినా ఒక మాట. ఫైబర్‌గ్లాస్ కడ్డీల టెంటు 50 దాటిన గాలికి నిలబడాలని పట్టుబట్టొద్దు. మొగులు లేవడం కనపడగానే, ఉరుములు మొదలుకాకముందే కడ్డీలు తీసేసి టెంటును నేల మీద పరిచి, మూలలు మేకులకు ఉంచి, పైన నాలుగు బరువైన రాళ్లు పెట్టేయండి. ఇద్దరుంటే టెంటుకు మూడు నిమిషాలు. గాలి వెలిసినాక లేపుకోవచ్చు. నిలబెట్టి ఉంచితే కడ్డీ అతుకు దగ్గర చీలుతుంది, దాని పొరలు వేళ్లలో గుచ్చుకుంటాయి, పైగుడ్డ కూడా చిరుగుతుంది. విరిగితే వాడటానికి కడ్డీ మీదికి ఎక్కే లోపలి కొలతతో ఆరంగుళాల ఇనుప గొట్టం ముక్కలు రెండు, ఇన్సులేషన్ టేపు పెట్టుకోండి.

నల్లమల_అంచు:

పై ఇద్దరూ గాలి గురించి చెప్పారు. ప్రాణాలు తీసేది పిడుగు.

టెంట్లో ఉండొద్దు. గుడ్డ ఆపదు, కడ్డీలు ఆపవు. పిడుగుకు మీ దగ్గరున్న ఒకే ఒక్క చాటు కార్లు. ఇనుప కప్పు, నాలుగు పక్కలా ఇనుప చట్రం ఉంటాయి కాబట్టి కరెంటు బయటి నుంచే నేలకు పోతుంది. టైర్ల రబ్బరు కాపాడుతుందనేది తప్పు. అద్దాలు పూర్తిగా ఎక్కించి, తలుపు పిడులకు, ఇనుముకు చేతులు ఆనించకుండా, చార్జింగ్ వైరు ఫోన్ నుంచి తీసేసి కూర్చోండి.

మీరు తొమ్మిది మంది, రెండు కార్లలో పది సీట్లు. లెక్క సరిపోతుంది, కానీ సామాను సీట్ల మీద ఉంటే సరిపోదు. టెంట్లు వేయగానే సీట్లు ఖాళీ చేసి, డిక్కీలోనే సర్దండి. తాళంచెవులు ఎవరి జేబులో ఉన్నాయో అందరికీ తెలిసి ఉండాలి. టెంట్ల నుంచి కార్లకు నడక రెండు నిమిషాలు దాటకూడదు.

ఎప్పుడు ఎక్కాలి? మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు వినపడితే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉంది, అందరూ కార్లలోకి వెళ్లాలి. మధ్యాహ్నం పగటి వెలుతురులో మెరుపు కనపడకపోవచ్చు, అప్పుడు మొదటి ఉరుముకే కదలండి. దిగడానికి చివరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు ఆగాలి. వాన ఆగింది కదా అని దిగొద్దు, దాటిపోతున్న మొగులు కూడా పిడుగు వేస్తుంది. ఈ ముప్పై నిమిషాల మీద ఎవరూ బేరం పెట్టొద్దు.

పోకూడని చోట్లు: ఒంటరి తాటిచెట్టు, యాపచెట్టు, ఏ చెట్టైనా. గోడలు లేని రేకుల షెడ్డు. గుట్ట మీది గుడి మంటపం. కొత్తగా కట్టిన గోడ పక్కన. 2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లాలో వచ్చిన గాలివానకు ప్రాణాలు పోయిన వాళ్లలో కూలిన గోడ కింద పడ్డవాళ్లున్నారు. నీళ్లలో ఉంటే వెంటనే బయటికి. పుట్టిలో, బోటులో అయితే మధ్యాహ్నం దాటినాక దిగనే దిగొద్దు. ఖాళీ ఒడ్డున నిలబడ్డ మనిషే అక్కడ ఎత్తైన వస్తువు.

కార్లకు దూరంగా చిక్కుకుంటే గుట్ట దిగి పల్లానికి రండి, కానీ ఒర్రెలోకి కాదు. ఒకరికొకరు పదిహేను మీటర్లు ఎడంగా, పాదాలు దగ్గరికి చేర్చి, మునికాళ్ల మీద ముడుచుకుని కూర్చోవాలి. పడుకోవద్దు. నేలలో పారే కరెంటు పడుకున్న ఒంటి గుండా ఎక్కువగా పోతుంది. ఇది పూర్తి రక్షణ కాదు, ఏమీ లేనప్పుడు చేసేది మాత్రమే.

ఎవరి మీదైనా పడితే ఒంట్లో కరెంటు మిగలదు, ముట్టుకోవచ్చు. మూలిగేవాళ్లు బతికి ఉన్నట్టే, కాబట్టి ముందు కదలిక లేకుండా, ఊపిరి లేకుండా పడినవాళ్ల దగ్గరికి వెళ్లండి. రొమ్ము మధ్యలో రెండంగుళాల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఒత్తుతూ ఉండాలి. ఒకరు ఒత్తుతుంటే ఒకరు 108కు చేయాలి. పిడుగు దెబ్బకు ఆగిన గుండె వెంటనే ఒత్తితే తిరిగి కొట్టుకునే అవకాశం ఉంది, కాబట్టి చనిపోయారనుకుని వదలొద్దు. తొమ్మిది మందిలో కనీసం ముగ్గురు ఇది ముందే నేర్చుకుని రావాలి.

చందంపేట_మొరం:

కారు గురించి రెండు మాటలు. ఒండ్రు మీదికి నీళ్ల దాకా కారు దించొద్దు. ఎండినప్పుడు హాయిగా పోతుంది, వాన పడితే టైర్లు నిండా బంక పట్టి అక్కడే తిరుగుతాయి, ట్రాక్టరు వచ్చి తాడు కట్టి లాగాల్సిందే. మొరం నేల మీదే, ముందు భాగం రోడ్డు వైపు ఉండేటట్టు పెట్టండి. పక్కన చెట్టు, కరెంటు స్తంభం, బోరు మోటార్ల తీగలు ఉండొద్దు. తీగ తెగి పడితే పది మీటర్ల లోపలికి ఎవరూ పోవద్దు.

వచ్చే దారిలో లోలెవల్ కల్వర్టులు చూసుకుంటూ రండి. వాగు రోడ్డు మీద నుంచి పారుతుంటే ఎంత లోతో అంచనా కట్టొద్దు. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారును తేలగొడతాయి. ఇవతలే ఆగితే ఒక రాత్రి పోతుంది, అంతే.

ఇంకోటి, చోటు ఎవరిదో కనుక్కోండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్ జిల్లాలోనే కాదు, నల్లగొండ జిల్లాలోకీ వస్తుంది. అడవిలో సొంతంగా టెంటు వేయొద్దు. ఊరి పక్కన పట్టా భూమి అయితే రైతును అడిగి వేసుకోండి. వాన పెద్దదైతే తలదాచుకోవడానికి ఇల్లు కూడా దగ్గరుంటుంది.

రాచకొండ_గుట్టలు:

టెంటు చుట్టూ గాడి తీస్తే నీళ్లు రావు కదా? బండ మీద కాకుండా మట్టిలో వేస్తే అదే సులువు. ఒడ్డుకు ఎంత దూరమన్నదానికి కూడా ఎవరూ జవాబు చెప్పలేదు.

తాడు_ముడి:

గాడి తీయాల్సి వచ్చిందంటే చోటు తప్పని అర్థం. నల్లరేగడిలో, ఒండ్రులో గాడి గట్లు వానకు కరిగి పూడిపోతాయి, మట్టి టెంటు అడుగుకే చేరుతుంది. మొరం మీద కాస్త వాలు ఉన్న చోట పై వైపు మాత్రం జానెడు వెడల్పు గీత తీస్తే పనికొస్తుంది, తెల్లారి పూడ్చేయండి. వేయడానికి ముందు నేలను చూడండి. సన్నటి ఆకులు, పుల్లలు వరసగా పేరుకుని ఉంటే అది నీళ్లు పారిన దారి. పాత వాన చారలు పక్క నుంచి పోతూ, తాను కొంచెం ఉబ్బుగా ఉన్న చోటు కావాలి.

టెంటు కింద పరిచే కవరు టెంటు కంటే అన్ని వైపులా రెండంగుళాలు చిన్నగా ఉండాలి. బయటికి వస్తే పైగుడ్డ మీది నీళ్లన్నీ దాని మీద పడి టెంటు కిందికి పారుతాయి. మిగిలితే అంచును కిందికి మడవండి, పైకి కాదు. పైగుడ్డకు లోపలి గుడ్డకు మధ్య అరచేతి మందం ఖాళీ ఉండాలి. సామాను గోడకు ఆనించి పెడితే అక్కడి నుంచే ఊరుతుంది.

ఒడ్డుకు దూరం కంటే ఎత్తు చూడండి. మే నెలలో వరద రాదు, కానీ శ్రీశైలం పవర్‌హౌస్‌ల నుంచి నీళ్లు వదిలితే సాగర్లోకే వస్తాయి. పైగా గాలికి అలలు ఒడ్డును ఎక్కుతాయి. నీటి అంచుకు కనీసం పది అడుగుల ఎత్తున వేయండి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఈ లెక్క చాలదు, శ్రీశైలం గేట్లు ఎత్తిన రోజుల్లో ఒడ్డున పడుకోవడమే వద్దు.

మునుగోడు_బాట:

అందరికీ థ్యాంక్స్ అన్నలూ. ఒంటిగంటకు చేరేటట్టు మార్చుకున్నాం. సలాక మేకులు చేయిస్తాం. ఆరెంజ్ వస్తే మానుకోవడానికి అందరూ ఒప్పుకున్నారు. తాడిపత్రి సంగతి మిగిలింది. వాన పడుతుంటే దాని కింద వంట చేయొచ్చా? తడిసినాక రాత్రి ఎట్లా?

తాడు_ముడి:

మామూలు వానకు చేయొచ్చు. గాలివానకు తాడిపత్రి దించేయాలి. మీ తాడిపత్రి దాదాపు 17 చదరపు మీటర్లు. అంత గుడ్డను గాలి కింది నుంచి లేపితే ఏ మేకూ ఆపదు, ఎగిరిన కర్ర మనుషులకు తగులుతుంది. మొగులు లేవగానే, ఉరుములు మొదలుకాకముందే దించి, వంట సామాను మీద కప్పి రాళ్లు పెట్టండి.

కట్టేటప్పుడు మధ్యలో వెన్ను తాడు, రెండు వైపులా వాలు. ఒక పక్క అంచు రెండు అడుగులు తక్కువగా ఉండాలి. చదునుగా కడితే 20 మిల్లీమీటర్ల వానకు మూడు వందల లీటర్లకు పైగా నీళ్లు నడుమ నిలుస్తాయి. రింగులకు నేరుగా తాడు కడితే ఊడొస్తాయి. గుడ్డ మూలలో నిమ్మకాయంత నున్నటి రాయి పెట్టి, వెనక నుంచి మెడలా పట్టి, ఆ మెడకు తాడు బిగించండి. రాయి ఉన్నంతసేపు జారదు.

స్టవ్‌ను టెంట్లోకి, కార్లోకి తీసుకుపోవద్దు. ఎంత చలేసినా, ఎంత వానున్నా సరే. బొగ్గుల కుంపటి కూడా. వాటి నుంచి వచ్చే విషవాయువుకు (కార్బన్ మోనాక్సైడ్) రంగు ఉండదు, వాసన ఉండదు, మూసిన చోట నిద్రలోనే ప్రాణం పోతుంది. రాత్రికి పొయ్యి అవసరం లేని తిండి తెచ్చుకోండి: జొన్నరొట్టెలు, నువ్వుల పొడి, అటుకులు, పల్లీలు. మనిషికి నాలుగు లీటర్ల తాగునీళ్లు.

నల్లమల_అంచు:

తడిసినాక సంగతి నేను చెప్తా. మే నెలైనా గాలివాన తర్వాత ఒళ్లు తడిసి గాలి తగిలితే వణుకు పుడుతుంది. మనిషికి ఒక జత బట్టలు, ఒక దుప్పటి రెండు పాలిథిన్ కవర్లలో మూతి కట్టి కార్లోనే ఉంచండి. పడుకునేదాకా వాటిని టెంట్లోకి తేవొద్దు. తడి బట్టలు విప్పేసి తల తుడుచుకోవడమే సగం వైద్యం.

మళ్లీ టెంట్లు లేపేటప్పుడు టార్చి వేసి చూసుకోండి. వాన నీళ్లకు పుట్టల్లోంచి, బండ సందుల్లోంచి తేళ్లు, పాములు, జెర్రులు బయటికొస్తాయి. నేల మీద పరిచిన టెంటు మడతలను చేత్తో కాదు, కర్రతో ఎత్తండి. పైన పెట్టిన రాళ్లను కూడా కాలితో పక్కకు దొర్లించి చూసినాకే చెయ్యి పెట్టండి. జిప్పు ఎప్పుడూ మూసి ఉంచాలి, చెప్పులు, బూట్లు లోపలే. పాము కరిస్తే కోయొద్దు, గట్టిగా కట్టొద్దు, ఆ కాలు కదలకుండా పడుకోబెట్టి 108కు చేయండి. నేరుగా తీసుకుపోవాల్సి వస్తే దేవరకొండ ప్రభుత్వ ఆసుపత్రి మీ దారిలోనే ఉంది, అందుకే ఒక కారును ఎప్పుడూ అడ్డం లేకుండా పెట్టండి, డ్రైవింగ్ వచ్చిన ఒకరు ఆ రాత్రి మందు ముట్టకుండా ఉండాలి.